దిగుమతి దెబ్బకి ఫ్యాక్టరీ మూతపడితే: ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదు, ఏ ఆఫీసుకి వెళ్లాలి, ఏమేం రాబట్టుకోవాలి

మా చిన్నాన్న విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో స్పిన్నింగ్ సెక్షన్‌లో 19 ఏళ్లు చేశాడు. బంగ్లాదేశ్ నుంచి గోనె సంచులు, నూలు మనకంటే తక్కువ రేటుకి దిగిపోతుంటే మిల్లుకి ఆర్డర్లు తగ్గాయి, ముందు మూడు షిఫ్టులు రెండయ్యాయి, తర్వాత ఒకటయింది, 2014లో ఒకరోజు గేటుకి నోటీసు అంటించారు. బంగ్లాదేశ్, నేపాల్ జూట్ సరుకు మీద మన కేంద్రం యాంటీ డంపింగ్ సుంకం (బయటి సరుకు మరీ తక్కువ రేటుకి దించుతుంటే దాని మీద వేసే అదనపు పన్ను) వేసింది 2017 జనవరిలో, అంటే అప్పటికి మా వాళ్ల గేటుకి తాళం పడి మూడేళ్లు.

తాళం పడిన వారానికి టైమ్ ఆఫీసుకి ఒక్కొక్కరినీ పిలిచారు. టేబుల్ మీద మూడు కాగితాలు, ఒకటి స్టాంపు పేపరు, అన్నీ ఇంగ్లీషులోనే. "ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు, చెక్కు తీసుకో" అన్నారంట. చెక్కు 45 వేలు. ఇంట్లో పిన్నికి ఒంట్లో బాగోలేదు, చేతిలో డబ్బుల్లేవు, పెట్టేశాడు. ఆ కాగితం రెండేళ్ల తర్వాత నేను చదివాను. "నా సొంత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను, నాకు రావాల్సినవన్నీ ముట్టాయి, ఇక ఏ క్లెయిమూ లేదు" అని ఉంది. మిల్లు మూసేస్తే ఆయన రాజీనామా చేసినట్టు రాశారు. అలాంటి ఒక్క మాటతో ఎంత పోతుందో కింద ఒక లెక్కతో చెప్తాను.

నేను నెట్ సెంటర్ నడుపుతా, పీఎఫ్, ఈఎస్‌ఐ (జీతంలో కోసి కట్టే కార్మికుల బీమా) క్లెయిమ్‌లు చేసిపెడతా, అందుకే ఇలాంటి కేసులు రోజూ చూస్తుంటా. ఎవరికైనా పనికొస్తుందని నాకు తెలిసింది వరసగా రాస్తున్నా.

ముందు ఒక విషయం. అమెరికాలో దిగుమతుల వల్ల ఉద్యోగం పోయినవాళ్లకి విడిగా ఒక స్కీమ్ ఉండేది, 1962లో మొదలెట్టి 1974 చట్టంతో పెద్దది చేశారు. ఒకే చోట పనిచేసే ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెట్టినా చాలు, లేబర్ డిపార్ట్‌మెంట్ ఎంక్వైరీ చేసి దిగుమతుల వల్లే పోయిందని తేల్చితే కొత్త పని నేర్పించడం, నేర్చుకునేటప్పుడు భృతి ఇవ్వడం ఉండేది. దాని గడువు పొడిగించకపోవడంతో 2022 జులై 1 నుంచి కొత్త అర్జీల మీద సర్టిఫికెట్ ఇవ్వడం ఆపేశారు. మన దగ్గర అలా దిగుమతి పేరు మీద స్కీమ్ ఏదీ లేదు. అందుకని ఏమీ రాదనుకోకండి, మనకి రావాల్సింది నాలుగైదు చోట్ల ముక్కలు ముక్కలుగా ఉంది. యాజమాన్యం దగ్గర కొంత, ఈఎస్‌ఐలో కొంత, పీఎఫ్‌లో కొంత. ఎక్కడికక్కడ అడిగి తెచ్చుకోవాలి, ఎవరూ పిలిచి ఇవ్వరు.

మొదటి పని: సంతకం ఆపండి

మూసేస్తున్నారని తెలిసిన రోజు నుంచి "రాజీనామా", "వాలంటరీ రిటైర్మెంట్", "సొంత కారణాలు", "ఫుల్ అండ్ ఫైనల్" అనే మాటలున్న ఏ కాగితం మీదా చదవకుండా, చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. చట్టం లెక్కలో తీసేయడం వేరు, మనంతట మనం మానేయడం వేరు. తీసేస్తే లేదా మూసేస్తే పరిహారం వస్తుంది, ఈఎస్‌ఐ నిరుద్యోగ భృతి వస్తుంది. మానేశామని రాసిస్తే ఆ రెండూ పోతాయి. యాజమాన్యం వీఆర్‌ఎస్ (వాలంటరీ రిటైర్మెంట్ స్కీమ్) కింద ఎక్కువ డబ్బులిస్తామంటే తప్పకుండా వినండి, కొన్నిసార్లు నిజంగానే ఎక్కువ ఉంటుంది, కానీ కింద చెప్పే లెక్క వేసుకుని, ఈఎస్‌ఐ భృతి పోతుందన్నది కూడా కలుపుకుని అప్పుడు తేల్చుకోండి.

డబ్బు అవసరం ఉండి చెక్కు తీసుకోక తప్పని పరిస్థితి చాలామందికి ఉంటుంది, అది నాకు తెలుసు. అప్పుడు సంతకం పక్కనే మీ చేత్తో తెలుగులో "అభ్యంతరంతో తీసుకుంటున్నాను, మిగతా బకాయిల మీద నా హక్కు వదులుకోవడం లేదు" అని రాయండి. రాయనివ్వకపోతే ఆ కాగితానికి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అదీ కుదరకపోతే బయటికొచ్చిన ఒకట్రెండు రోజుల్లోనే, ఫలానా తేదీన ఒత్తిడి పెట్టి సంతకం చేయించుకున్నారని లేబర్ ఆఫీసర్‌కి, కంపెనీకి రిజిస్టర్డ్ పోస్ట్‌లో ఉత్తరం పంపి రసీదు దాచుకోండి. రెండేళ్ల తర్వాత చెప్తే ఎవరూ నమ్మరు, రెండ్రోజుల్లో రాసిన ఉత్తరానికి విలువుంటుంది.

రెండోది: గేటు మూయకముందే కాగితాలు

అపాయింట్‌మెంట్ లెటర్, ఐడీ కార్డు, టోకెన్ నంబర్, పే స్లిప్పులు, ఈఎస్‌ఐ నంబర్, పీఎఫ్ యూఏఎన్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్. పే స్లిప్పులు ఎప్పుడూ ఇవ్వని కంపెనీ అయితే బ్యాంకు స్టేట్‌మెంటే మీకు పెద్ద సాక్ష్యం, ఎన్నేళ్లు చేశారో అందులో తేలుతుంది, బ్యాంకుకి వెళ్లి పాతది మొత్తం ప్రింట్ తెచ్చుకోండి. గేటు మీద అంటించిన నోటీసుకి తేదీ కనిపించేలా ఫొటో తీయండి, వానకి తడిసి చిరిగిపోయాక దొరకదు. బదిలీ వర్కర్లు (పర్మనెంట్ వాళ్లు రాని రోజు వాళ్ల బదులు పనిచేసేవాళ్లు), క్యాజువల్ వాళ్లయితే హాజరు కార్డులు అస్సలు పారేయొద్దు. ఎందుకంటే 12 నెలల్లో 240 రోజులు పని చేసినట్టు చూపిస్తే అది ఏడాది కంటిన్యూ సర్వీసు కింద లెక్క, మిమ్మల్ని పర్మనెంట్ చేశారా లేదా అన్నది అక్కడ అడ్డురాదు.

మూడోది: గేటు మీద ఏ మాట రాశారో చూడండి

లేఆఫ్, లాకౌట్, రిట్రెంచ్‌మెంట్, క్లోజర్. మనం అన్నిటినీ "మూసేశారు" అంటాం గానీ ఒక్కో మాటకి ఒక్కో డబ్బు.

లేఆఫ్ అంటే ఉద్యోగం ఉంది, పని లేదు. 50 మంది, ఆపైన ఉన్న ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసున్న వాళ్లకి ఆ రోజులకి బేసిక్, డీఏల్లో సగం ఇవ్వాలి. రిట్రెంచ్‌మెంట్ అంటే ఎక్కువయ్యారని కొంతమందిని తీసేయడం. క్లోజర్ అంటే శాశ్వతంగా మూత. ఇక లాకౌట్, అంటే యాజమాన్యం తాత్కాలికంగా అని గేటు మూసి పనిలోకి రానివ్వకపోవడం, ఇది అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది. కాగితం మీద మీరు ఇంకా ఉద్యోగులే, జీతం లేదు, క్లోజర్ కాదు కాబట్టి పరిహారం లేదు, ఈఎస్‌ఐ వాళ్లు లాకౌట్ కాలానికి భృతి ఇవ్వరు. మా వైపు జూట్ మిల్లుల్లో ఏళ్లకేళ్లు లాకౌట్ బోర్డు వేలాడిన సంగతి ఇక్కడ ఎవర్ని అడిగినా చెప్తారు. అలా అయితే యూనియన్ తరఫున, యూనియన్ లేకపోతే పదిమంది కలిసి, లాకౌట్ చెల్లదని లేబర్ డిపార్ట్‌మెంట్‌లో వెంటనే వివాదం వేయండి. ఫ్యాక్టరీ 15 రోజులకి మించి మూసుండి పరిహారం కూడా ఇవ్వకపోయినా, లేదా రెండు నెలలు జీతం అందకపోయినా, పీఎఫ్ నుంచి ఫామ్ 31తో తిరిగి కట్టక్కర్లేని అడ్వాన్స్ తీసుకునే వీలుంది, ఈలోపు ఇల్లు గడవాలి కదా.

నాలుగోది: యాజమాన్యం ఎంత ఇవ్వాలో మీరే లెక్కేయండి

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. పాత పారిశ్రామిక వివాదాల చట్టం 1947 బదులు ఇప్పుడు ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్. పరిహారం లెక్క మాత్రం మారలేదు, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం, చివర్లో ఆరు నెలలు దాటితే దాన్ని కూడా ఏడాది కింద కలుపుతారు. తీసేసే ముందు నెల నోటీసు, లేకపోతే నెల జీతం. 50 మంది, ఆపైన ఉంటే మూసేముందు 60 రోజుల నోటీసు ప్రభుత్వానికి ఇవ్వాలి. 300 మంది, ఆపైన ఉన్న ఫ్యాక్టరీ అయితే 90 రోజుల ముందు ప్రభుత్వం అనుమతి కోసం దరఖాస్తు పెట్టాలి, అనుమతి లేకుండా మూసేస్తే ఆ మూత చెల్లదు, మూయనట్టే లెక్కేసి మీకు రావాల్సినవన్నీ ఇవ్వాలి. పాత చట్టంలో ఈ అనుమతి హద్దు వంద మంది ఉండేది, 300కి పెంచడం కార్మికుడికి నష్టమే అని నా అభిప్రాయం, మా చుట్టుపక్కల ఫ్యాక్టరీలు చాలావరకు ఆ లోపే ఉన్నాయి.

ఇప్పుడు దిగుమతి దెబ్బ తిన్న ఫ్యాక్టరీ వాళ్లు గట్టిగా పట్టుకోవాల్సిన పాయింట్. "మా చేతిలో లేని కారణాల వల్ల మూసేశాం" అని యాజమాన్యం నిరూపిస్తే పరిహారం మూడు నెలల సగటు జీతానికి మించక్కర్లేదని చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. చైనా సరుకు వచ్చింది, బంగ్లాదేశ్ సరుకు వచ్చింది, మేమేం చేస్తాం అని చాలామంది దీన్నే చూపించి మూడు నెలలు చేతిలో పెట్టి పంపించేయాలని చూస్తారు. కానీ అదే సెక్షన్ కింద వివరణలో స్పష్టంగా ఉంది, నష్టాలు సహా ఆర్థిక ఇబ్బందులు, సరుకు అమ్ముడుపోక గోడౌన్‌లో పేరుకుపోవడం, వీటంతట ఇవి చేతిలో లేని కారణాల కిందకి రావు. దిగుమతుల వల్ల జరిగేది సరిగ్గా ఇదే కదా, మన సరుకు అమ్ముడుపోదు, నష్టం వస్తుంది. కాబట్టి మూడు నెలలు అనగానే తలూపేయొద్దు, ఆ వివరణ చదివి చెప్పండి సార్ అని లేబర్ ఆఫీసర్ ముందే అడగండి.

గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకి యాజమాన్యం చివర్లో ఒకేసారి ఇచ్చే డబ్బు, దీనికి అదనం, పరిహారంలో కలిసిపోయేది కాదు. ఐదేళ్లు నిండితే వస్తుంది, రాజీనామా చేసినా వస్తుంది, కొత్త కోడ్ ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంత కాలానికని రాసుకుని, తీసుకున్నవాళ్లకి ఏడాదికే వస్తుంది. లెక్క చూడండి. బేసిక్, డీఏ కలిపి 13,000 అనుకోండి, సర్వీసు 22 ఏళ్లు. 13,000ని 26తో భాగిస్తే 500, దాన్ని 15తో గుణిస్తే 7,500, దాన్ని 22తో గుణిస్తే 1,65,000. ఇది గ్రాట్యుటీ. క్లోజర్ పరిహారం ఏడాదికి సగం నెల జీతం, అంటే 6,500 లెక్కన 22 ఏళ్లకి 1,43,000. నోటీసు ఇవ్వకపోతే ఇంకో 13,000. మొత్తం 3,21,000. దీని మీద వాడుకోని ఎర్న్‌డ్ లీవులకి డబ్బులు, బోనస్ బాకీ ఉంటే అది, ఆగిన జీతాలు. ఇప్పుడు ఇలాంటి మనిషి ముందు 45 వేల చెక్కు పెట్టి ఫుల్ అండ్ ఫైనల్ అంటే ఎంత అన్యాయమో మీరే చూడండి.

ఆగిన జీతం ఉద్యోగం పోయిన రెండు పనిరోజుల్లో ఇచ్చేయాలి. గ్రాట్యుటీ 30 రోజుల్లో, దాటితే వడ్డీతో. గ్రాట్యుటీ హక్కుని ఏ సంతకంతోనూ వదిలించుకోలేరు. మా చిన్నాన్నకి క్లోజర్ పరిహారం పోయింది గానీ గ్రాట్యుటీ మాత్రం రెండేళ్లు దాటాక కూడా కంట్రోలింగ్ అథారిటీ దగ్గర, అంటే లేబర్ ఆఫీసులోనే, ఆలస్యానికి కారణం రాసి అర్జీ పెట్టి తెచ్చుకున్నాం.

కొత్త కోడ్‌లో వచ్చిన ఒక మంచి సంగతి, ఇది ఇంకా చాలామందికి తెలీదు. రీస్కిల్లింగ్ ఫండ్ అని పెట్టారు. రిట్రెంచ్ చేసిన ప్రతి కార్మికుడికీ చివరి జీతం లెక్కన 15 రోజుల డబ్బు యాజమాన్యం ఆ ఫండ్‌లో కట్టాలి, 45 రోజుల్లో అది మీ ఖాతాలో పడాలి. అమెరికా స్కీమ్ ముందు ఇది చిన్నదే, అయినా మన హక్కు, లేబర్ ఆఫీసులో ఇచ్చే అర్జీలో ఒక లైను దీనికోసం కూడా రాయండి.

సూపర్‌వైజర్లకి ఒక మాట, జీతం 18,000 దాటితే ఈ కోడ్ ప్రకారం "వర్కర్" కిందకి రారు, పరిహారం దగ్గర అడ్డుపడతారు. గ్రాట్యుటీకి, పీఎఫ్‌కి ఆ అడ్డు లేదు.

ఐదోది: ఈఎస్‌ఐ భృతి, దాదాపు ఎవరూ అడగనిది

జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కట్ అవుతుంటే ఇది మీకోసమే. సనత్‌నగర్ ఈఎస్‌ఐ హాస్పిటల్ అందరికీ తెలుసు, కానీ ఈఎస్‌ఐలో నిరుద్యోగ భృతి ఉందని నా దగ్గరికొచ్చిన పదిమందిలో ఒక్కరికి తెలిస్తే గొప్ప.

రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన, 2005 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఫ్యాక్టరీ మూతపడి గానీ, రిట్రెంచ్ చేసి గానీ ఉద్యోగం పోతే, కనీసం రెండేళ్లు ఈఎస్‌ఐ కట్టి ఉంటే, మొదటి 12 నెలలు రోజు జీతంలో సగం, తర్వాత 12 నెలలు పావు వంతు ఇస్తారు. 13,000 జీతగాడికి సుమారుగా మొదటి ఏడాది నెలకి 6,500, రెండో ఏడాది 3,250, మొత్తం లక్షా 17 వేల దగ్గర. ఆ కాలంలో మీకూ ఇంట్లోవాళ్లకీ ఈఎస్‌ఐ వైద్యం కూడా నడుస్తుంది. పని నేర్చుకునే ట్రైనింగ్‌కి వెళ్తే ఫీజు కూడా ఈఎస్‌ఐ పెట్టుకుంటుంది. కొత్త ఉద్యోగం దొరికితే భృతి ఆగుతుంది, అంతే.

మీ ఏరియా బ్రాంచి ఆఫీసుకి, హాస్పిటల్‌కి కాదు, ఫ్యాక్టరీ మూత నోటీసు కాపీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఈఎస్‌ఐ కార్డు తీసుకుని వెళ్లండి. కంపెనీ సర్టిఫై చేయాల్సిన చోట కంపెనీ వాళ్లు దొరకడం లేదంటే లేబర్ ఆఫీసులో మీరు పెట్టిన అర్జీ కాపీ చూపించి బ్రాంచి మేనేజర్‌ని ఎంక్వైరీ చేయించమని రాతపూర్వకంగా అడగండి. ఆలస్యం మాత్రం చేయొద్దు, మొదటి నెలలోనే పెట్టేయండి. ఇక్కడే మళ్లీ ఆ సంతకం గుర్తు చేసుకోండి, రికార్డులో రాజీనామా అని ఉంటే ఈ లక్షా 17 వేలూ రావు.

ఇంకొకటి అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన, 2018లో మొదలైంది. జీవితంలో ఒక్కసారి, 90 రోజుల దాకా, సగటు రోజు సంపాదనలో సగం. ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత నేరుగా మీరే ఆన్‌లైన్‌లో క్లెయిమ్ పెట్టుకోవచ్చు. ముందు రెండేళ్లు ఈఎస్‌ఐ ఉద్యోగంలో ఉండాలి, పోయేముందు కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లో (ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి, ఇలా ఆరు నెలలకొకటి) 78 రోజులు, ఆ రెండేళ్లలో మిగతా మూడు పీరియడ్‌లలో ఏదో ఒకదాంట్లో 78 రోజులు కట్టి ఉండాలి. దీన్ని ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి వెళ్లిన రోజు బ్రాంచిలో అడిగి పెట్టండి. రెండూ ఒకేసారి తీసుకోలేరు, క్లోజర్ కేసయితే మొదటిదే ఎక్కువ లాభం.

భృతి సంగతి తేలేలోపు ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఈఎస్‌ఐ కార్డు పనికిరాదని ప్రైవేటుకి పరిగెత్తకండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కట్టినదానికి వైద్యం తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా ఉంటుంది, అక్టోబర్ నుంచి మార్చి దాకా కట్టినదానికి జులై నుంచి డిసెంబర్ దాకా. మొన్న ఒక అక్క భర్త డయాలిసిస్‌కి అప్పు చేయబోతుంటే ఇదే చెప్పి పంపించాను, కార్డు నడిచింది.

ఆరోది: పీఎఫ్

ముందు పాస్‌బుక్ తెరిచి నెలనెలా డబ్బు జమయిందో లేదో చూడండి. మూతపడే ఫ్యాక్టరీలు ముందు ఆపేది పీఎఫ్ కట్టడమే. మీ జీతంలో కోసి జమ చేయకపోతే ఈపీఎఫ్ఐజీఎంఎస్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టండి, పే స్లిప్ జత చేయండి, కట్టించే అధికారం పీఎఫ్ ఆఫీసుకి ఉంది. ప్రతి నెలా 27న జిల్లాల్లో "నిధి ఆప్కే నికట్" అని క్యాంపు పెడతారు, అక్కడ ఆఫీసర్‌తో నేరుగా మాట్లాడొచ్చు, ఆన్‌లైన్‌లో నెల తిరిగినా కదలని పని అక్కడ కదలడం చూశాను.

కంపెనీ వాళ్లు డేట్ ఆఫ్ ఎగ్జిట్ వేయకుండా మాయమైతే భయం లేదు, చివరిసారి డబ్బు జమయిన రెండు నెలల తర్వాత యూఏఎన్ పోర్టల్‌లో మేనేజ్ కింద మార్క్ ఎగ్జిట్‌లో మీరే వేసుకోవచ్చు. వేసేటప్పుడు తేదీ జాగ్రత్త, ఒకసారి పడ్డాక మార్చడం పెద్ద పని.

ఎక్కువమంది ఆగిపోయేది పేరు దగ్గర. పీఎఫ్‌లో "అప్పారావు", ఆధార్‌లో "అప్పా రావు", ఇంటిపేరు ఒకచోట ముందు ఒకచోట వెనక, పుట్టినరోజు మిల్లులో చేరినప్పుడు గుమస్తా ఉజ్జాయింపుగా రాసింది. జాయింట్ డిక్లరేషన్‌తో సరిచేయించాలి, కంపెనీ మూతపడి సంతకం పెట్టేవాళ్లు లేకపోతే గెజిటెడ్ ఆఫీసర్ లాంటి వాళ్లతో సర్టిఫై చేయించి పీఎఫ్ ఆఫీసులో ఇవ్వొచ్చు. ఇంకోటి వేలిముద్ర. 20 ఏళ్లు నార పట్టిన చేతులకి గీతలు అరిగిపోయుంటాయి, మిషన్ మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా పడదు, తుడుచుకుని తుడుచుకుని పెడతారు పాపం, చూస్తుంటే బాధేస్తుంది. అలాంటివాళ్లు ముందే ఆధార్ సెంటర్‌కి వెళ్లి కంటిపాప, వేలిముద్రలు మళ్లీ అప్‌డేట్ చేయించుకుని, ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబర్ లింక్ చేయించుకోండి. సగం క్లెయిమ్‌లు ఓటీపీ పాత నంబర్‌కి పోవడం వల్లే ఆగుతాయి.

ఎంత తీయొచ్చంటే, ఇన్నాళ్లూ ఉద్యోగం పోయిన నెలకి 75 శాతం, రెండు నెలలకి మిగతాది అన్నట్టు ఉండేది. 2025 అక్టోబర్‌లో పీఎఫ్ బోర్డు 75 శాతం వెంటనే ఇచ్చి, పూర్తి సెటిల్‌మెంట్‌కి గడువు 12 నెలలకి, పెన్షన్ డబ్బు వెనక్కి తీసుకోవడానికి 36 నెలలకి పెంచాలని నిర్ణయించింది. కాబట్టి క్లెయిమ్ పెట్టే రోజు పోర్టల్‌లో ఏ ఆప్షన్ వస్తుందో చూసుకోండి. ఐదేళ్ల లోపు సర్వీసుకి 50 వేలకి పైన తీస్తే మామూలుగా టీడీఎస్ కోస్తారు, కానీ వ్యాపారం మూతపడి ఉద్యోగం పోయినవాళ్లకి ఆ పన్ను వర్తించదు, అందుకని మానేసిన కారణం దగ్గర తప్పు ఆప్షన్ నొక్కించకండి.

ఏడోది: లేబర్ ఆఫీసు

మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గర మొదలెట్టండి, పెద్ద కేసయితే అసిస్టెంట్ కమిషనర్. అర్జీ రెండు కాపీలు, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. ఇది మర్చిపోతే అర్జీ ఇవ్వనట్టే. పేరు, టోకెన్ నంబర్, చేరిన తేదీ, చివరి జీతం, ఏమేం రావాలో పైన వేసిన లెక్క అంకెలతో సహా రాయండి. "న్యాయం చేయండి" అని రాసినదానికంటే "3,21,000 రావాలి" అని రాసినదాని మీద ఆఫీసర్ తొందరగా నోటీసు పంపుతాడు. రాజీకి పిలిచి మాట్లాడతారు, 45 రోజులైనా తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. రెండేళ్లు దాటనివ్వకండి.

వకీలుకి డబ్బుల్లేవని ఆగిపోకండి. 1987 లీగల్ సర్వీసెస్ చట్టంలో ఉచిత న్యాయ సహాయం ఎవరికన్న జాబితాలో "పారిశ్రామిక కార్మికుడు" అని విడిగా రాసుంది, ఆదాయం ఎంతన్నది కూడా అడగకూడదు. జిల్లా కోర్టులోనే ఆఫీసు ఉంటుంది, ఫోన్ నంబర్ 15100.

కంపెనీ ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్తే కథ మారిపోతుంది. దివాలా ప్రక్రియ మొదలైందని పేపర్లో ప్రకటన వస్తుంది, అందులో క్లెయిమ్‌కి ఆఖరి తేదీ ఉంటుంది, మామూలుగా 14 రోజులే. కార్మికులు ఫామ్ డి ఇవ్వాలి, అందరి తరఫున ఒక్కరే ఇవ్వాలంటే ఫామ్ ఇ. మన బెంచీలు హైదరాబాద్, అమరావతిలో ఉన్నాయి గానీ మీరు కోర్టుకి వెళ్లక్కర్లేదు, ప్రకటనలో ఉన్న రిజల్యూషన్ ప్రొఫెషనల్ (దివాలా ప్రక్రియ నడిపే అధికారి) మెయిల్‌కి పంపితే చాలు. లిక్విడేషన్ దాకా, అంటే కంపెనీ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చేదాకా పోతే అంతకు ముందు 24 నెలల కార్మికుల బకాయిలు తాకట్టు ఉన్న బ్యాంకులతో సమాన వరసలో నిలబడతాయి, పీఎఫ్, గ్రాట్యుటీ నిధి సొమ్ముని అసలు ముట్టుకోకూడదు. క్లెయిమ్ వేయనివాళ్ల పేరు మాత్రం లిస్టులోకి రాదు.

కాంట్రాక్టు వాళ్లు "మా కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తట్లేదు" అని వస్తారు. కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే ఫ్యాక్టరీ యాజమాన్యమే ఇవ్వాలి, చట్టం అలాగే ఉంది, పీఎఫ్ కూడా అంతే. అర్జీలో ఇద్దరి పేర్లూ రాయండి.

కొత్త పని వెతుక్కునేదానికి కేంద్రం వాళ్ల ఎన్‌సీఎస్ పోర్టల్‌లో, ఆంధ్రాలో స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌లో పేరు వేయించుకోవచ్చు. నిజం చెప్పాలంటే 45 ఏళ్లు దాటినవాళ్లకి వాటితో దొరికింది తక్కువే, మెషిన్ మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లకి మాత్రం పనికొచ్చింది. పీఎఫ్, ఈఎస్‌ఐ లేని కూలిపనిలోకి మారితే ఈ-శ్రమ్ కార్డు చేయించుకోండి.

చివరగా పాతవాళ్ల గురించి. మా చిన్నాన్న పీఎఫ్ ఎప్పుడో తీసేసుకున్నాడు, ఇంకేం లేదనుకున్నాడు. 58 నిండిన ఏడాది పిన్ని ట్రంకుపెట్టెలో పాత పీఎఫ్ స్లిప్ ఒకటి దొరికితే దాని మీద నంబర్ పట్టుకుని ఆఫీసుకి వెళ్లాం. పదేళ్లు దాటిన సర్వీసుకి పెన్షన్ డబ్బు ఒకేసారి తీసుకోవడం కుదరదు, అది అలాగే ఉండి 58 నుంచి నెలనెలా రావాల్సిందే. ఫామ్ 10డి, భార్యాభర్తలిద్దరి ఫొటో, బ్యాంకు పాస్‌బుక్, వయసు కాగితం ఇచ్చాం. ఇప్పుడు ప్రతి నెలా పడుతోంది, కనీసం 1,000 రూపాయలు గ్యారంటీ, సర్వీసుని బట్టి పైన. ఆయన తర్వాత పిన్నికి వస్తుంది. మీ ఇంట్లో, మీ వీధిలో పదేళ్లకి పైగా చేసి మిల్లు మూతపడ్డాక ఇంట్లో కూర్చున్న పెద్దవాళ్లుంటే ఆ పాత స్లిప్ వెతికించండి. స్లిప్ దొరక్కపోతే ఫ్యాక్టరీ పేరు, చేరిన ఏడాది, తండ్రి పేరు రాసుకుని పీఎఫ్ ఆఫీసుకి తీసుకెళ్లండి, అక్కడ రికార్డు వెతికిస్తారు.